ఇథియోపియా యూనివర్సిటీతో కలిసి రోడ్డు ఇంజినీరింగ్ ఎమ్మెస్సీ: సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న ఇది: మీ ఇంజినీరింగ్ కాలేజీకి ఇథియోపియాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి ప్రతిపాదన వచ్చింది. వాళ్ళ సివిల్ విభాగంలో రోడ్డు, రవాణా ఇంజినీరింగ్ ఎమ్మెస్సీని నిలబెట్టడానికి సిలబస్, ల్యాబ్, ఫ్యాకల్టీ సాయం కావాలన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఉమ్మడి డిగ్రీ ఇవ్వొచ్చా అని అడిగారు.

ముందు డిగ్రీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే యాజమాన్యాలు పట్టుబట్టేది అక్కడే. యూజీసీ 2022లో ట్విన్నింగ్, జాయింట్, డ్యూయల్ డిగ్రీలకు నిబంధనలు తెచ్చింది. విడిగా అనుమతి అడగకుండా నేరుగా సాగిపోయే దారిలో మన సంస్థకు న్యాక్ స్కోరు కనీసం 3.01 గానీ, ఎన్ఐఆర్ఎఫ్ విశ్వవిద్యాలయాల జాబితాలో మొదటి 100లో చోటు గానీ, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా గానీ ఉండాలి. అవతలి విశ్వవిద్యాలయం టైమ్స్ లేదా క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 1000లో ఉండాలి. ఇథియోపియాలో నలభైకి పైగా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలున్నా ఆ గీత దాటేవి చాలా తక్కువ. పైగా జాయింట్ డిగ్రీ అయితే రెండు చోట్లా కనీసం 30 శాతం చొప్పున క్రెడిట్లు చదవాలి. అంటే ప్రతి విద్యార్థీ విశాఖకో హైదరాబాద్‌కో వచ్చి ఒక సెమిస్టర్ ఉండాల్సిందే. ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

అందుకని నా సలహా: డిగ్రీ పూర్తిగా వాళ్ళదే కానివ్వండి. వాళ్ళ సెనేట్ ఆమోదించి, వాళ్ళ విద్యా శిక్షణ అథారిటీ నిబంధనల ప్రకారం నడిచే ఎమ్మెస్సీ. మీరు కొన్ని మాడ్యూళ్ళు చెబుతారు, థీసిస్‌కు కో గైడ్‌గా ఉంటారు, ల్యాబ్ నిలబెడతారు. మీ కాలేజీ పేరు సర్టిఫికెట్ మీద ఉండదు. యాజమాన్యానికి ఇది రుచించకపోవచ్చు గానీ, దాత డబ్బు ఆగిపోయిన ఏడాది కూడా నడిచే కోర్సు ఇలాంటిదే.

ఇక సిలబస్. మన ఎంటెక్ ట్రాన్స్‌పోర్టేషన్ సిలబస్‌ను పేరు మార్చి పంపడం అందరూ చేసే మొదటి తప్పు. ఆ దేశపు రోడ్ల మాన్యువళ్ళు ముందు పెట్టుకుని వెనక్కి లెక్కేసుకుంటూ సిలబస్ రాయాలి. ఇథియోపియా రోడ్ల సంస్థకు పేవ్‌మెంట్ (రోడ్డు పొరలు), డ్రైనేజీ, జామెట్రిక్ (వంపులు, వెడల్పులు) మాన్యువళ్ళతో పాటు తక్కువ ట్రాఫిక్ రోడ్లకు ప్రత్యేకంగా మరో మాన్యువల్ ఉంది. వాటి వేళ్ళు వేడి దేశాల రోడ్లకు బ్రిటన్ రాసిన ఓవర్సీస్ రోడ్ నోట్ 31 అనే మార్గదర్శిలో, ఆష్టో (అమెరికా రాష్ట్రాల రోడ్ల అధికారుల సంఘం) పరీక్షల్లో ఉన్నాయి గానీ మన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణాల్లో లేవు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో ఒక లెక్కలో చూడండి. లారీ ఇరుసు రోడ్డుకు చేసే నష్టం ఎన్ని ప్రామాణిక ఇరుసులతో సమానమో లెక్కేసేటప్పుడు, ఇరుసు బరువును మనం ఐఆర్‌సీ ప్రకారం 8.16 టన్నులతో భాగించి నాలుగో ఘాతం తీసుకుంటాం. రోడ్ నోట్ 31లో ఘాతం 4.5. పది టన్నుల ఇరుసుకు మన లెక్కలో నష్ట గుణకం 2.26, వాళ్ళ లెక్కలో 2.50. పదమూడు టన్నుల ఓవర్‌లోడ్ ఇరుసుకు మనది 6.4, వాళ్ళది 8.1. జిబూటీ రేవు దారిలో వెళ్ళే బరువు లారీల మీద ఈ తేడా పడితే పేవ్‌మెంట్ మందం తరగతే మారిపోతుంది. మన టెక్స్ట్‌బుక్‌తో చదివిన విద్యార్థి రేపు ఉద్యోగంలో తన దేశపు డిజైన్ చార్టులోకి తప్పు అంకెతో వెళ్తాడు. ఇంకోటి, ఇథియోపియాలో బళ్ళు కుడివైపు నడుస్తాయి. కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో మనలాగే ఎడమవైపు. మీ దగ్గరున్న జంక్షన్ డిజైన్ ఉదాహరణలు, సిగ్నల్ ఫేజుల బొమ్మలు, సిమ్యులేషన్ ఫైళ్ళు అన్నీ అద్దంలో తిప్పినట్టు తిరగరాయాలి. ఇది మొదటి వారం క్లాసులోనే బయటపడుతుంది.

మన సిలబస్‌లో దాదాపు లేనిదీ, అక్కడ గుండెకాయ లాంటిదీ గ్రావెల్ రోడ్డు. 1997లో రోడ్ల అభివృద్ధి కార్యక్రమం మొదలైనప్పుడు ఇథియోపియా నెట్‌వర్క్ సుమారు 26,500 కిలోమీటర్లు. రెండు దశాబ్దాల్లోనే అది లక్ష దాటింది, అందులో అత్యధిక భాగం తారు లేనిదే. కాబట్టి తారు మిక్స్ డిజైన్‌కు ఎన్ని గంటలు ఇస్తారో కనీసం అన్ని గంటలు గ్రావెల్ పైపొరకు ఇవ్వాలి. ఇందులో గురువు మనం కాదు, దక్షిణాఫ్రికా. అక్కడి పరిశోధనలో తేలిన రెండు సూచికలు చాలా దేశాల మాన్యువళ్ళలోకి ఎక్కాయి.

మొదటిది ష్రింకేజ్ ప్రోడక్ట్. మట్టి లీనియర్ ష్రింకేజ్ (ఎండినప్పుడు పొడవు తగ్గే) శాతాన్ని 0.425 మి.మీ. జల్లెడ దిగిన శాతంతో గుణించాలి. రెండోది గ్రేడింగ్ కోఎఫిషియెంట్, అంటే రాళ్ళ సైజుల మిశ్రమానికి సూచిక. 26.5 మి.మీ. దిగిన శాతంలోంచి 2 మి.మీ. దిగిన శాతం తీసేసి, 4.75 మి.మీ. దిగిన శాతంతో గుణించి, 100తో భాగించాలి. మొదటిది 100 నుంచి 365 మధ్య, రెండోది 16 నుంచి 34 మధ్య ఉంటే ఆ గ్రావెల్ బాగా పనిచేస్తుంది. ష్రింకేజ్ ప్రోడక్ట్ 365 దాటితే వానలో జారుడు, 100 లోపైతే రోడ్డంతా అలలు అలలుగా లేస్తుంది. ఊళ్ళ మధ్య దుమ్ము తగ్గాలంటే 240 దాటకుండా చూస్తారు. గ్రేడింగ్ 34 దాటితే రాళ్ళు ఊడిపోతాయి, 16 కన్నా తగ్గితే నీటికి కొట్టుకుపోతుంది. ఒక ఉదాహరణ: ష్రింకేజ్ 8 శాతం, 0.425 దిగినది 30 శాతం అయితే ష్రింకేజ్ ప్రోడక్ట్ 240. 26.5 దిగినది 95, 2 దిగినది 45, 4.75 దిగినది 60 అయితే గ్రేడింగ్ 30. ఆ క్వారీ వాడొచ్చు. దీనికి కావాల్సింది నాలుగు జల్లెడలు, ఒక ష్రింకేజ్ ట్రఫ్, ఒక ఓవెన్. మన ఊళ్ళ గ్రావెల్ రోడ్లకూ ఇది పనికొస్తుంది, మీ విద్యార్థులకూ చెప్పండి.

ఇప్పుడు ల్యాబ్. డబ్బు ఎక్కువ పోయేదీ, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే.

అంబాలా, రూర్కీ తయారీ సామాను చవక, గట్టిది. కానీ కేటలాగ్‌లో 'సీబీఆర్ సెట్' (రోడ్డు కింది మట్టి బలం కొలిచే పరీక్ష సామాను) అని ఉంటే టిక్కు పెట్టి పంపేయకండి. మన ఐఎస్ (భారత ప్రమాణం) మౌల్డు లోపలి వ్యాసం 150 మి.మీ., ఆష్టోది 152.4, బ్రిటిష్‌ది 152. కాలర్ ఒకదానిది ఇంకోదానికి పట్టదు. మట్టిని కుదించే మన భారీ ర్యామర్ 4.9 కిలోలు, బ్రిటిష్‌ది 4.5, రెండూ 450 మి.మీ. నుంచే పడతాయి. బ్రిటిష్ పద్ధతిలో పొరకు 62 దెబ్బలు, ఆష్టోలో 56. బ్రిటిష్ షీటు ముందు పెట్టుకుని మన ర్యామర్‌తో 62 కొడితే మట్టికి దాదాపు 9 శాతం ఎక్కువ శక్తి ఇచ్చినట్టే. గరిష్ఠ సాంద్రత ఎక్కువగా వస్తుంది, ఆ అంకెను సైటులో కాంట్రాక్టర్ అందుకోలేడు, తగువు మొదలవుతుంది. లిక్విడ్ లిమిట్ (మట్టి ద్రవంలా జారడం మొదలయ్యే తేమ శాతం) కొలిచే కప్పుకీ ఇదే గొడవ: బ్రిటిష్ కప్పు అడుగు రబ్బరు మెత్తన, అమెరికా పద్ధతిది గట్టి, అదే మట్టికి రెండూ ఒకే అంకె ఇవ్వవు. కాబట్టి ఆర్డరు రాసేటప్పుడు ప్రతి వస్తువు పక్కనా పరీక్ష ప్రమాణం సంఖ్య రాయించండి. మన తయారీదార్లు ఆష్టో కొలతల్లోనూ చేసిస్తారు, అడగాలంతే.

ఎన్ని కొనాలి అన్నది ఇంకో సంగతి. 24 మంది బ్యాచ్‌ను నలుగురేసి ఆరు గుంపులు చేశారనుకోండి. ఒక్కో గుంపు మూడు కుదింపు స్థాయుల్లో సీబీఆర్ చేయాలి, ప్రతి మౌల్డూ నాలుగు రోజులు నీళ్ళలో నానాలి. ఒక విడతకు 18 మౌల్డులు. వాటితో పాటు 18 చిల్లుల పళ్ళేలు, ఒక్కో మౌల్డుకు పైన బరువుగా పెట్టే 2.27 కిలోల సర్‌ఛార్జి బిళ్ళలు రెండు, ఉబ్బు కొలిచే డయల్ గేజీ ట్రైపాడ్‌లు, 18 మౌల్డులూ పట్టే తొట్టి. మామూలుగా జరిగేదేమిటంటే, లక్షల రూపాయల యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్ వస్తుంది, మౌల్డులు మాత్రం ఆరు వస్తాయి. అప్పుడు ఒకడు చేస్తాడు, ఇరవై మంది చూస్తారు. నా లెక్కలో ఒక పెద్ద యంత్రం మానేసి ఆ డబ్బుతో మౌల్డులు, జల్లెడలు, తూకాలు మూడింతలు కొనడం మేలు.

ఎర్రమట్టి విషయంలో మన ల్యాబ్ అలవాట్లు పనికిరావు. పడమటి ఇథియోపియాలో, వొల్లెగా, జిమ్మా వైపు ఎర్ర లాటరైట్ నేలలు. వీటి కణాలు చిన్న చిన్న గుళికలుగా అతుక్కుని ఉంటాయి. 105 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెడితే గుణం మారిపోతుంది, ఎక్కువసేపు కలిపితే గుళికలు చితికి లిక్విడ్ లిమిట్ పెరుగుతుంది. కాంపాక్షన్‌లో ఒకే మట్టిని మళ్ళీ మళ్ళీ పగలగొట్టి కొడితే గులకలు పిండై వక్రరేఖే తప్పుగా వస్తుంది. అందుకని ల్యాబ్ షీట్‌లోనే రాసిపెట్టాలి: నీడలో ఆరినది, 50 డిగ్రీల్లో ఎండినది, 105లో ఎండినది అని మూడు నమూనాలు పోల్చాలి. 5 నిమిషాలు కలిపింది, 30 నిమిషాలు కలిపింది పోల్చాలి. తేడా కనబడితే తక్కువ వేడి, తక్కువ కలపడం. కాంపాక్షన్‌లో ప్రతి బిందువుకూ కొత్త మట్టి. ఇలా చేస్తే ఒక గుంతకు ఐదు బిందువులకు 30 కిలోలు, సీబీఆర్‌కు 18 కిలోలు, మిగతా పరీక్షలకు కొంత, మొత్తం 60, 70 కిలోల మట్టి తవ్వి తేవాలి. ఫీల్డుకు చిన్న బండి, రెండు సంచులు తీసుకెళ్తే చాలదు.

నల్లరేగడి దగ్గర మాత్రం మనకు కాస్త చేయి తిరిగినట్టే. అడిస్ అబాబా చుట్టూ, షేవా పీఠభూమి మీద మన గుంటూరు, కర్నూలు రేగడి లాంటి ఉబ్బే నేలలే. అయితే మనం ఉబ్బును ఫ్రీ స్వెల్ ఇండెక్స్‌తో కొలుస్తాం, వాళ్ళ మాన్యువల్ ఏ పరీక్ష అడుగుతుందో చూసుకోండి. రెండూ నేర్పండి, డిజైన్‌కు మాత్రం వాళ్ళదే వాడించండి. రిఫ్ట్ లోయలో దొరికే అగ్నిపర్వత సిండర్ గ్రావెల్ మనకు అసలు పరిచయం లేని పదార్థం. తేలిక, చిల్లులు చిల్లులుగా ఉంటుంది, రోలర్ కింద నలిగిపోతుంది. దాని గ్రేడింగ్‌ను క్వారీలో కాదు, రోలింగ్ అయ్యాక చూడాలి. 1970లు, 80లలోనే బ్రిటన్ రోడ్డు పరిశోధనశాల టీఆర్‌ఆర్‌ఎల్ (తర్వాతి పేరు టీఆర్‌ఎల్), ఇథియోపియా రోడ్ల సంస్థ కలిసి సిండర్‌తో ప్రయోగాత్మక రోడ్లు వేసి చూశాయి. ఆ నివేదికలు మీ మాడ్యూల్‌లో చదివించాల్సినవి.

ఎత్తు ప్రభావం గురించి ఎవరూ ముందు చెప్పరు. అడిస్ సముద్రమట్టానికి సుమారు 2,350 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం 77 కిలోపాస్కల్స్ దగ్గర. తారు మిక్స్ గరిష్ఠ సాంద్రత పరీక్షలో పాత్రలో మిగిలే పీడనం 30 మి.మీ. పాదరసం లోపు ఉండాలి. అది అబ్సల్యూట్ పీడనం, అంటే శూన్యం నుంచి లెక్కించేది. మన ల్యాబుల్లో పంపుకు బిగించే మామూలు గుండ్రటి గేజీ బయటి గాలితో పోల్చి చూపిస్తుంది. విశాఖలో ముల్లు ఏ గీత దగ్గరికి వస్తే సరిపోతుందో, అడిస్‌లో ఎంత సేపు పంపు నడిపినా ముల్లు ఆ గీత దాకా రానే రాదు. పంపు పాడైందనుకుని విప్పేస్తారు. అబ్సల్యూట్ మానోమీటర్ పంపితే ఈ గొడవ లేదు. జెనరేటరు కూడా ఆ ఎత్తులో పలక మీద రాసినంత శక్తి ఇవ్వదు, ఓవెన్లు, కంప్రెసర్ కలిపి లోడు లెక్కేసి పెద్దది తీసుకోవాలి. వోల్టేజీ మనదే, ప్లగ్గులు మాత్రం యూరప్ తరహా.

సంస్థ సొంత వర్క్‌షాపులో తయారు చేసుకోగలిగిన రెండు పరికరాలతో మొదటి సెమిస్టర్ నడిపేయొచ్చు.

ఒకటి డీసీపీ, అంటే కోను ఉన్న కడ్డీని సుత్తితో నేలలోకి దించి బలం చూసే పరికరం. 8 కిలోల సుత్తి, అది పడే ఎత్తు 575 మి.మీ., 60 డిగ్రీల కోను, కోను అడుగు వ్యాసం 20 మి.మీ. లేత్ ఉన్న ఏ వర్క్‌షాప్ అయినా చేస్తుంది, కోను మాత్రం గట్టిపరిచిన స్టీలు కావాలి. వ్యాసం 10 శాతం అరిగితే, అంటే 18 మి.మీ.కి వస్తే మార్చేయాలి. వర్నియర్‌తో చూసుకునే అలవాటు లేకపోతే ఏడాదిలో అన్ని రోడ్లూ ఉన్నదానికన్నా బలహీనంగా కనిపిస్తాయి. మొదలుపెట్టే ముందు జీరో రీడింగ్ రాయాలి, కడ్డీ నిలువుగా ఉండాలి. 20 దెబ్బలు వరుసగా కొట్టినా దెబ్బకు అర మిల్లీమీటరు కూడా దిగకపోతే రాయి తగిలినట్టు, ఆపేసి పక్కన మళ్ళీ వేయాలి. దెబ్బకు దిగే మిల్లీమీటర్ల నుంచి సీబీఆర్‌కు మార్చే సూత్రం ఏది వాడారో రిపోర్టులో రాయించండి. దెబ్బకు 10 మి.మీ. దిగితే టీఆర్‌ఎల్ సూత్రం 26 పైన ఇస్తుంది, అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం సూత్రం 22. దెబ్బకు 5 అయితే 55, 48. దక్షిణాఫ్రికా పద్ధతిని ఆధారం చేసుకున్న తక్కువ ట్రాఫిక్ రోడ్ల డిజైన్‌లో అసలు సీబీఆర్‌లోకి మార్చరు, దెబ్బకు దిగిన దూరాన్నే నేరుగా వాడతారు. మన వాళ్ళకు మింగుడుపడనిది ఇదే.

రెండోది మెర్లిన్. రోడ్డు గతుకులు కొలిచే చవక యంత్రం, టీఆర్‌ఎల్ 1990ల మొదట్లో తెచ్చింది. ముందు సైకిల్ చక్రం, వెనక ఒక కాలు, మధ్య దూరం 1.8 మీటర్లు. సరిగ్గా మధ్యలో నేలకు తగిలే చిన్న పాదం, దాని కదలికను పదింతలు చేసి చూపే చేయి, చేతి కొసన గ్రాఫు కాగితం. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆపి, ముల్లు ఉన్న గడిలో ఒక గీత గీస్తారు. 200 గీతలయ్యేసరికి సుమారు 400 మీటర్లు నడుస్తారు. రెండు కొసల్లోనూ పదేసి గీతలు వదిలేసి మిగిలిన వెడల్పు మిల్లీమీటర్లలో కొలిస్తే అది డి. ఐఆర్‌ఐ (గతుకుల అంతర్జాతీయ సూచిక) విలువ 0.593కు, డిని 0.0471తో గుణించిన అంకె కలిపితే వస్తుంది. డి 80 అయితే ఐఆర్‌ఐ దాదాపు 4.4. ఫోన్ యాప్‌తో గతుకులు కొలిచే థీసిస్‌లు ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. ఆ యాప్ అంకెలను మెర్లిన్‌తో క్యాలిబ్రేట్ చేయించకపోతే అవి బండి షాక్ అబ్జార్బర్ల గురించి చెబుతాయి, రోడ్డు గురించి కాదు.

రోడ్ల ఆస్తి నిర్వహణ మాడ్యూల్‌లో హెచ్‌డీఎం-4 (రోడ్డుకూ బళ్ళకూ అయ్యే ఖర్చులు అంచనా వేసే సాఫ్ట్‌వేర్) తప్పదు. దీని మూలాలు చెబితే విద్యార్థులకు హుషారు వస్తుంది: బళ్ళ ఖర్చుకూ రోడ్డు స్థితికీ సంబంధం తేల్చిన మొదటి పెద్ద క్షేత్ర అధ్యయనం 1971, 74 మధ్య కెన్యాలో జరిగింది. మన దేశంలో రోడ్డు వాడకందారుల ఖర్చుల అధ్యయనం 1977, 82 మధ్య. రెండూ ఆ మోడల్‌లోకి చేరాయి. లైసెన్సు ఎవరి పేరు మీద, ఎన్నేళ్ళకు అన్నది ఒప్పందంలో రాయండి. ప్రాజెక్టుతో పాటే లైసెన్సు ముగిసిపోయి మాడ్యూల్ మూలపడిన చోట్లున్నాయి.

ట్రాఫిక్ సర్వేకు వరసగా ఏడు రోజులు, అందులో కనీసం ఒక్క రోజైనా 24 గంటలు. సంత రోజు తప్పనిసరిగా అందులో పడాలి. గ్రామీణ రోడ్డు మీద సంత రోజు ట్రాఫిక్ మిగతా రోజులకు ఏమాత్రం పోలిక ఉండదు, గాడిదలు, కాలినడక కలిపి. వాహన తరగతుల్లో మూడు చక్రాల ఆటోకు ప్రత్యేక గడి పెట్టండి. అక్కడ దాన్ని బజాజ్ అనే పిలుస్తారు. భద్రతా మాడ్యూల్‌ను హైవే వేగాల చుట్టూ కాకుండా పాదచారుల చుట్టూ అల్లాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదిక ప్రకారం ఆఫ్రికా ప్రాంతంలో లక్ష మందికి 26.6 రోడ్డు మరణాలు, ప్రపంచంలోనే అత్యధికం. అందులో 44 శాతం నడిచేవాళ్ళు, సైకిల్ వాళ్ళు.

సామాను రవాణా. ఇథియోపియాకు తీరం లేదు. ఓడ జిబూటీకి, అక్కడి నుంచి లోతట్టున ఉన్న మోజో డ్రై పోర్టుకు (సరుకు దింపి సుంకాలు తేల్చే చోటు). సుంకం మినహాయింపు ఉత్తరం చేతికొచ్చాకే ఓడ ఎక్కించాలి. లేకపోతే డ్రై పోర్టులో అద్దె పెరుగుతూ పోతుంది, దాన్ని కట్టే పద్దు విశ్వవిద్యాలయం దగ్గర ఉండదు. విడిభాగాలు మొదటి కంటైనర్‌లోనే పెట్టండి: డయల్ గేజీలు, ఓవెన్ హీటర్ కాయిళ్ళు, థర్మోస్టాట్లు, జల్లెడలు రెండో సెట్టు, డీసీపీ కోనులు. తర్వాత కొందామంటే అక్కడి కరెన్సీ బిర్‌లో డబ్బున్నా డాలర్లు దొరక్క నెలలు గడిచేవి. 2024 జులైలో బిర్‌ను మార్కెట్‌కు వదిలాక ధరే మారిపోయింది. పాత బడ్జెట్ అంకెలు నమ్మకండి.

తేదీల దగ్గర జాగ్రత్త. ఇథియోపియా క్యాలెండర్ మనకన్నా ఏడెనిమిదేళ్ళు వెనక, పదమూడు నెలలు. వాళ్ళ 2017 సంవత్సరాది మనకు 2024 సెప్టెంబర్ 11. ఒప్పందంలో, చెల్లింపు షెడ్యూల్‌లో రెండు తేదీలూ పక్కపక్కన రాయండి. గడియారం కూడా పొద్దుటి ఆరింటి నుంచి లెక్క. మన 11:30కి ఆన్‌లైన్ క్లాసు అంటే అక్కడ ఉదయం 9:00, స్థానికంగా చెప్పేటప్పుడు 'మూడు గంటలు'. టైమ్‌టేబుల్‌లో మూడు అని చూసి మన ప్రొఫెసర్ మధ్యాహ్నం కూర్చుంటారు. నెట్, కరెంటు మీద ఆధారపడే లైవ్ క్లాసులకన్నా రికార్డు చేసిన పాఠాలు పెన్‌డ్రైవ్‌లో పంపి, లైవ్‌ను సందేహాలకు ఉంచడం నయం.

మన ఫ్యాకల్టీకి ఖాళీ దొరికేది మే, జూన్. అక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పెద్ద వానలు, రేగడి మీద కాలు పెట్టలేరు. ఫీల్డు పనికి అనువైనది అక్టోబర్ నుంచి ఫిబ్రవరి. మన సెమిస్టర్ మధ్యలో ఇద్దరిని మూడేసి వారాలు వదలగలరా అన్నది మీ ప్రిన్సిపాల్ ముందే తేల్చాలి. వేసవి సెలవుల్లో వెళ్ళిన ప్రొఫెసర్ క్లాస్‌రూమ్‌లో స్లైడ్లు చూపించి రావడమే అవుతుంది. అయితే సబ్‌గ్రేడ్ (రోడ్డు కింది నేల) తేమ కొలవాలంటే సెప్టెంబర్ చివర, వానలు ఆగీ ఆగగానే వెళ్ళాలి. డిజైన్‌కు కావాల్సిన చెడ్డ స్థితి అప్పుడే దొరుకుతుంది.

మనుషుల సంగతికి వస్తే, ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో మన తెలుగు లెక్చరర్లు ఎందరో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. ఆంధ్రా యూనివర్సిటీలో అక్కడి విద్యార్థులు పీహెచ్‌డీలు చేశారు. ఆ పరిచయాలు మీకు ఆస్తే. కానీ విదేశీ లెక్చరర్‌ను పంపి ఖాళీ నింపడం వేరు, అక్కడి విభాగాన్ని నిలబెట్టడం వేరు. ఎమ్మెస్సీ అయిన కుర్రాడు కన్సల్టెన్సీ జీతం చూసి వెళ్ళిపోతాడు, ఆపలేరు, తప్పు పట్టనూ లేరు. పీహెచ్‌డీని సాండ్విచ్ పద్ధతిలో పెట్టండి: ఆర్నెల్లు ఇక్కడ, మిగతా అక్కడ, పాఠం చెబుతూనే. కుదురుగా ఉండేవాడు ల్యాబ్ టెక్నీషియన్. అతన్ని మొదట తీసుకురండి, ప్రొఫెసర్ కన్నా ముందు, కనీసం ఆరు వారాలకు. క్యాలిబ్రేషన్, డయల్ గేజీ మరమ్మతు, నమూనా రిజిస్టర్ రాయడం నేర్పి పంపండి. ఒక్కడిని కాదు, ఇద్దరిని. పరీక్ష షీట్లు ఇంగ్లిష్‌తో పాటు అమ్హారిక్‌లో, జిమ్మా, అడామా వైపైతే అఫాన్ ఒరోమోలోనూ వాళ్ళ చేతనే రాయించండి.

థీసిస్ మట్టి నమూనాలను ఇక్కడికి తెచ్చి పరీక్షిద్దామనుకుంటారు. మన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు 2003 ప్రకారం విదేశీ మట్టి అనుమతి లేకుండా రాదు. సూట్‌కేసులో పెట్టుకొచ్చే పని చేయకండి. ఎలాగూ ల్యాబ్ అక్కడే కట్టేది అందుకే కదా. థీసిస్ అంశాలు రోడ్ల సంస్థ జిల్లా కార్యాలయం ఇచ్చే రోడ్ల నుంచి రావాలి. డేటా ఇస్తామన్న ఉత్తరం సెమిస్టర్ మొదలయ్యే ముందే తీసుకోవాలి.

ఆఫ్రికా నుంచి మూడో భాగస్వామిని చేర్చుకోండి. దక్షిణాఫ్రికాలో స్టెల్లెన్‌బోష్, ఘనాలో కుమాసీలోని కేఎన్‌యూఎస్‌టీ రవాణా పరిశోధన కేంద్రం, టాంజానియాలో దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయం. టాంజానియా 1999లో నార్వే రోడ్ల శాఖతో కలిసి రాసుకున్న పేవ్‌మెంట్ మాన్యువల్ ఇప్పటికీ చదవదగ్గ నమూనా: ముందు మాన్యువల్, దాని వెంటే ల్యాబ్ పరీక్షల పుస్తకం, ఆ తర్వాత ఫీల్డు పరీక్షల పుస్తకం. బ్రిటిష్ సాయంతో 2008 నుంచి 2020 దాకా నడిచిన ఆఫ్‌క్యాప్, రీక్యాప్ అనే గ్రామీణ రోడ్ల పరిశోధన కార్యక్రమాల నివేదికలు, డీసీపీ సాఫ్ట్‌వేర్ ఉచితం. సగం పాఠ్య సామగ్రి అక్కడే దొరుకుతుంది.

ల్యాబ్ ఖర్చులకు కాంట్రాక్టర్ల పరీక్షలు డబ్బు తీసుకుని చేయనివ్వండి. కన్స్యూమబుల్స్, క్యాలిబ్రేషన్ దాంతో గడుస్తాయి. కాకపోతే వారంలో రెండు రోజులు విద్యార్థులకే అని ఒప్పందంలోనే రాయాలి, లేదంటే 18 మౌల్డులూ కాంట్రాక్టర్ మట్టితోనే నానుతుంటాయి. ఫీజు విశ్వవిద్యాలయం సాధారణ ఖాతాలో పడితే ల్యాబ్‌కు తిరిగి రాదు. విభాగం వాడుకోగలిగే ఖాతా ఉందా అని అడగండి.

ప్రతిపాదనకు జవాబు రాసే ముందు వాళ్ళను నాలుగు కాగితాలు అడగండి: ఇప్పుడున్న ల్యాబ్ సామాన్ల జాబితా, ఏది పనిచేస్తోంది ఏది లేదు అన్న గుర్తుతో; టెక్నీషియన్ల పేర్లు, ఉద్యోగం పర్మనెంటా కాదా; గత ఐదేళ్ళ ఎమ్మెస్సీ థీసిస్ శీర్షికలు; రోడ్ల సంస్థతో ఉన్న ఒప్పందం నకలు. థీసిస్ శీర్షికలు చూస్తే ఆ విభాగం రోడ్డు మీదికి వెళ్తోందో లేదో తెలిసిపోతుంది. మొదటి జాబితాలో 'కొత్తది, ఇంకా బిగించలేదు' అని ఎక్కువ కనిపిస్తే కొత్త సామాను పంపడం మానేసి, మొదటి ఏడాది బడ్జెట్‌ను ఉన్నదాన్ని బిగించడానికీ టెక్నీషియన్లకూ మళ్ళించండి. ఆ కాగితాలు వచ్చాక ఇక్కడ పెడితే మాడ్యూల్ వారీ గంటలు, ఆర్డరు స్పెసిఫికేషన్లు వేసి చూద్దాం.